మాయా ప్రజలు అంతరించలేదు: స్పెయిన్ దండయాత్ర, ఆ తర్వాతి అయిదు వందల ఏళ్లు

శ్రీవల్లి (చర్చ ప్రారంభం)

మన పత్రికల ఆదివారం అనుబంధాల్లో గానీ, యూట్యూబ్‌లో గానీ మాయా ప్రజల గురించి ఏది వచ్చినా మొదటి వాక్యం ఒకటే: ‘అంతుచిక్కని రీతిలో అదృశ్యమైన జాతి’. 2012లో యుగాంతం అంటూ మన టీవీ చానళ్లు ఊదరగొట్టినప్పుడు కూడా ఇదే పాట. ఇప్పుడు బతికి ఉన్న ఒక్క మాయా మనిషి ముఖమైనా వాటిలో నాకు కనిపించలేదు. మధ్య అమెరికాలోని గ్వాటెమాలా దేశంలో 2018 జనగణనలో నూటికి 41 మందికి పైగా తాము మాయా వాళ్లమని రాయించుకున్నారు. మెక్సికోలోని యుకతాన్, చియాపస్ ప్రాంతాల్లో, బెలీజ్‌లో ఉన్నవాళ్లు వీరికి అదనం. సుమారు ముప్పై మాయా భాషలు ఈ రోజు ఇళ్లలో, సంతల్లో వినిపిస్తున్నాయి.

రెండు వేర్వేరు సంఘటనలను కలగలిపేయడం వల్ల ఈ గందరగోళం పుట్టింది. తికాల్, పలెంకె వంటి మహానగరాలు 9వ శతాబ్దంలో వరుస కరవులతో, యుద్ధాలతో ఖాళీ అయ్యాయి. స్పెయిన్ ఓడలు రావడానికి అప్పటికి ఇంకా ఆరు వందల ఏళ్లు ఉంది. జనం మాత్రం ఎక్కడికీ పోలేదు. ఉత్తరాన యుకతాన్‌లో, దక్షిణాన గ్వాటెమాలా కొండల్లో వాళ్ల రాజ్యాలు నడుస్తూనే ఉన్నాయి. స్పెయిన్ తలపడింది ఈ రాజ్యాలతోనే. మెక్సికోలోని అజ్టెక్ సామ్రాజ్య రాజధాని రెండేళ్లలో కూలింది. చివరి మాయా రాజ్యానికి రాజధాని అయిన నొహ్‌పెతెన్ 1697 మార్చి 13న గానీ లొంగలేదు. అప్పటికి ఔరంగజేబు గోల్కొండను పట్టుకుని దాదాపు పదేళ్లు.

ఈ జాతి ‘అదృశ్యమైంది’ అని మనం రాసిన ప్రతిసారీ వాళ్ల భూమిని, భాషను లాక్కున్నవాళ్లకు పని సులువు చేస్తున్నామని నా గట్టి నమ్మకం. లేని మనిషికి భూమి మీద హక్కు ఏముంటుంది? తెలిసినవాళ్లు రాయండి, చర్చిద్దాం.


గోదావరిగట్టు

మంచి చర్చ మొదలుపెట్టారు. నాకు ఎప్పటినుంచో ఉన్న సందేహం: కొన్ని వందల మంది వచ్చి అంత పెద్ద జనాభాను ఎలా లొంగదీశారు? గుర్రాలు, తుపాకులు అని బడిలో చదువుకున్నాం. అంతమాత్రాన సరిపోతుందా?


శ్రీవల్లి

సరిపోదు. 1523 చివర్లో స్పెయిన్ సేనాని పెద్రో దె అల్వరాదో మెక్సికో నుంచి బయలుదేరినప్పుడు అతని వెంట ఉన్న స్పెయిన్ సైనికులు నాలుగైదు వందల మంది. వాళ్లతోపాటు నడిచింది త్లష్కాలా తదితర మెక్సికో స్థానిక జాతుల సైన్యం. దారి చూపింది, బరువులు మోసింది, ముందు వరుసలో నిలబడి చచ్చింది ఎక్కువగా వాళ్లే. కువావ్‌కెచోలన్ అనే ఊరివాళ్లు ఈ దండయాత్రలో తమ పాత్రను పెద్ద గుడ్డ మీద బొమ్మలుగా చిత్రించుకున్నారు కూడా. ఆ చిత్రంలో వాళ్లు సేవకుల్లా ఉండరు, గెలిచిన యోధుల్లా ఉంటారు. తర్వాత పన్నులు కట్టమన్నప్పుడు ‘మేం గెలిపించినవాళ్లం, మా మీద పన్నేమిటి’ అని వాళ్లలో చాలామంది స్పెయిన్ రాజుకు మొరపెట్టుకున్నారు.

రెండోది రోగం. సైన్యం రాకముందే, 1520 ప్రాంతంలోనే, గ్వాటెమాలా కొండల్లోకి మహమ్మారి వచ్చేసింది. మశూచి అయి ఉంటుందని చాలామంది అంచనా. అక్కడి మాయా జాతుల్లో ఒకటైన కక్చికేల్ ప్రజలు తమ వంశ చరిత్రలో ఆ రోజుల గురించి రాసుకున్నారు: శవాల కంపు భరించరానిదైంది, పెద్దలందరూ పోయారు, సగం మంది లోయల్లోకి పారిపోయారు, పిల్లలుగా ఉన్న తాము అనాథలుగా మిగిలాం అని. అల్వరాదో ఎదుర్కొన్నది అప్పటికే విరిగిపోయిన సమాజాన్ని. 1520లో గ్వాటెమాలాలో ఇరవై లక్షల మంది ఉండేవారని, వందేళ్లు గడిచేసరికి లక్షన్నర కూడా మిగలలేదని జనాభా చరిత్రకారుల అంచనా.

మూడోది లోపలి పగ. కీచే, కక్చికేల్ అనే మాయా రాజ్యాలు ఒకదానితో ఒకటి కొట్టుకుంటున్నాయి. కీచేల మీద కోపంతో కక్చికేల్ రాజులు అల్వరాదోతో చేతులు కలిపారు. కీచే రాజధాని కుమర్‌కాహ్‌లో అతను రాజులను సజీవంగా తగలబెట్టించాడు. తర్వాత కక్చికేల్ రాజధాని ఇషిమ్‌చెలో 1524 జూలైలో తన నగరాన్ని స్థాపించి, స్నేహితులైన ఆ రాజులనే బంగారం తెమ్మని పీడించాడు. నెల రోజులు గడిచేసరికి వాళ్లు ఊరు వదిలి కొండలెక్కి యుద్ధం మొదలుపెట్టారు. అది 1530 దాకా సాగింది. తిరుగుబాటు నడిపిన కక్చికేల్ రాజును 1540లో ఉరి తీశారు.


బడి మాస్టారు

శ్రీవల్లి గారు గ్వాటెమాలా సంగతి చెప్పారు, నేను యుకతాన్ గురించి రాస్తాను. పిల్లలకు చరిత్ర చెప్పిన రోజుల్లో గొన్సాలో గెర్రెరో కథ చెబితే తరగతి మొత్తం నోరు తెరుచుకుని వినేది.

1511లో ఒక స్పెయిన్ ఓడ మునిగి కొందరు యుకతాన్ తీరానికి కొట్టుకొచ్చారు. చివరికి ప్రాణాలతో మిగిలినవాళ్లు ఇద్దరు. హెరోనిమో దె అగిలార్ అనే క్రైస్తవ సన్యాసి, గెర్రెరో అనే నావికుడు. 1519లో అజ్టెక్‌ల మీదికి దండెత్తిన స్పెయిన్ సేనాని కోర్తెస్ వచ్చి కబురు పెడితే అగిలార్ పరుగున వెళ్లి అతనికి దుబాసీగా కుదిరాడు. గెర్రెరో రానన్నాడు. అప్పటికే చెతుమాల్ పాలకుడి కూతురిని పెళ్లాడి పిల్లల్ని కన్నాడు, ముఖం మీద పచ్చబొట్లు పొడిపించుకున్నాడు, మాయా సేనకు దళపతి అయ్యాడు. స్పెయిన్ వాళ్లతో ఎలా పోరాడాలో మాయా యోధులకు నేర్పినవాడు అతనేనంటారు. 1530లలో హోండురస్‌లో స్పెయిన్ సేనతో పోరాడుతూ మాయా పక్షాన ప్రాణం వదిలాడు.

యుకతాన్‌ను జయించే హక్కును రాజు దగ్గర 1526లో రాయించుకున్న ఫ్రాన్సిస్కో దె మొంతేహో రెండుసార్లు ప్రయత్నించి రెండుసార్లూ తోక ముడిచాడు. అక్కడ ఒక చక్రవర్తి లేడు, పట్టుకుంటే దేశమంతా దక్కడానికి. పదహారు దాకా చిన్న రాజ్యాలు, ఒకటి లొంగితే రెండోది లేచేది. పైగా బంగారం లేదు. పెరూలో బంగారం దొరికిందని తెలియగానే మొంతేహో సైనికులే అతన్ని వదిలి పోయారు. చివరికి అతని కొడుకు 1542 జనవరి 6న మెరిదా నగరాన్ని స్థాపించాడు. తిహో అనే మాయా నగరం శిథిలాల రాళ్లతోనే కట్టారు. 1546లో తూర్పు ప్రాంతం మొత్తం తిరగబడింది. దాన్ని అణచాక గానీ స్పెయిన్ పాలన నిలబడలేదు.

ఇక్కడా లోపలి పగే పనిచేసింది. షియూ, కొకోమ్ వంశాల మధ్య పాత వైరం ఉండేది. 1536లో కరవు తీరాలని యాత్రకు బయలుదేరిన షియూ పెద్దలకు కొకోమ్‌లు దారిలో ఆతిథ్యం ఇచ్చి, అందరినీ చంపేశారు. ఆ గాయం మానకముందే స్పెయిన్ వాళ్లు వచ్చారు. షియూలు వాళ్ల పక్షం చేరి బాప్తిస్మం పుచ్చుకున్నారు. ఆ షియూల రాజధాని పేరు మానీ. ఈ ఊరి పేరు గుర్తుంచుకోండి.


చంద్రిక

మానీ అంటే పుస్తకాలు తగలబెట్టిన ఊరే కదా మాస్టారూ?


బడి మాస్టారు

అవునమ్మా, అదే ఊరు. 1562 జూలై 12. బాప్తిస్మం తీసుకున్న తర్వాత కూడా గుహల్లో పాత దేవతలను కొలుస్తున్నారని తెలిసి, ఫ్రాన్సిస్కన్ సన్యాసుల పెద్ద దియేగో దె లాండా విచారణ మొదలుపెట్టాడు. చేతులు కట్టి పైకి వేలాడదీసి, కాళ్లకు రాళ్లు కట్టి కొట్టారు. మూడు నెలల్లో 4,500 మందికి పైగా చిత్రహింసలు పడ్డారు, 158 మంది చనిపోయారు. అవమానం తట్టుకోలేక ఉరి వేసుకున్నవాళ్లు వేరు. మానీలో అందరూ చూస్తుండగా విగ్రహాలను, చెట్టు బెరడుతో చేసిన కాగితం మీద రాసిన పుస్తకాలను కుప్ప పోసి నిప్పు పెట్టించాడు. కాలిన పుస్తకాలు 27 అని సాధారణంగా చెబుతారు. అది చూసి అక్కడి జనం ఎంతో దుఃఖపడ్డారని లాండా తన చేత్తో తానే రాసుకున్నాడు.

గ్రహాల గమనం, రాజుల వంశావళి, పంటల కాలం, వైద్యం అన్నీ అలాంటి పుస్తకాల్లోనే ఉండేవి. ఈ రోజు ప్రపంచం మొత్తం మీద నాలుగే మిగిలాయి. డ్రెస్డెన్, మాడ్రిడ్, పారిస్ నగరాల్లో ఒక్కొక్కటి. నాలుగోది మెక్సికో నగరంలో ఉంది, అది అసలైనదేనని 2018లో తేల్చారు. డ్రెస్డెన్ ప్రతిలో శుక్రగ్రహం ఎప్పుడు ఉదయిస్తుందో, ఎప్పుడు అస్తమిస్తుందో పట్టికలు కట్టి ఉన్నాయి. కాలిపోయినవాటిలో ఏముందో తలచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

మరో సంగతి. ఆ లాండాయే స్పెయిన్‌లో విచారణను ఎదుర్కొంటూ యుకతాన్ గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో మాయా అక్షరాలంటూ కొన్ని గుర్తులు గీసి పెట్టాడు. దాదాపు నాలుగు వందల ఏళ్ల తర్వాత, 1952లో, లెనిన్‌గ్రాడ్‌లో కూర్చున్న పరిశోధకుడు యూరి క్నోరోజొవ్ ఆ గుర్తులను ఆధారం చేసుకుని మాయా లిపిలో అక్షర ధ్వనులు ఉన్నాయని నిరూపించాడు. అతను మాయా నేల మీద అడుగుపెట్టింది మాత్రం 1990లోనే.


నిష్పక్షపాతి

అందరూ ఒకే వైపు మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు నేను చెబుతాను. మాయా రాజులు నరబలులు ఇచ్చారు, పొరుగు రాజ్యాల మీద దండెత్తారు, బానిసలను అమ్మారు. మాస్టారు చెప్పిన కొకోమ్ విందే అందుకు సాక్ష్యం. 16వ శతాబ్దంలో బలమైనవాడు బలహీనుణ్ణి జయించడం ప్రపంచమంతా ఉన్నదే. అయిదు వందల ఏళ్ల కిందటివాళ్లను ఇప్పటి కొలబద్దతో తూచడం న్యాయమా?


శ్రీవల్లి

నరబలులు నిజం, బానిసల వ్యాపారం నిజం. ఇక్కడ ఎవరూ కాదనలేదు. మాయా వాళ్లు దేవతలైతేనే వాళ్ల భూమి వాళ్లకు ఉండాలా? ఇక ఇప్పటి కొలబద్ద అన్నారు. అప్పటి కొలబద్దనే తీసుకుందాం. అప్పటి స్పెయిన్‌వాడే, అదే మతానికి చెందిన సన్యాసి బార్తొలొమె దె లాస్ కాసాస్ ఇది ఘోరమని జీవితమంతా అరిచి చెప్పాడు. కత్తి లేకుండా మతబోధ చేస్తానని 1537లో గ్వాటెమాలాలోని తెసులుత్లాన్ ప్రాంతాన్ని తీసుకున్నాడు. అందుకే ఆ ప్రాంతానికి ‘నిజమైన శాంతి’ అనే అర్థంతో వెరాపాస్ అనే పేరు వచ్చింది. అతని పోరాటం వల్లే 1542లో స్థానికులను బానిసలుగా చేయకూడదని రాజు చట్టం తెచ్చాడు. మానీ ఘటన జరిగిన కొన్ని వారాలకే కొత్త బిషప్ తొరాల్ వచ్చి లాండా చేసింది తప్పని ఖైదీలను విడిపించాడు. అంటే అది అన్యాయమని అప్పుడే తెలుసు. తెలిసే చేశారు. స్పెయిన్‌లో లాండా నిర్దోషి అయ్యాడు, పైగా 1573లో అదే యుకతాన్‌కు బిషప్‌గా తిరిగొచ్చాడు.


విశాఖవాసి

మాయా వాళ్లు మయాసురుడి సంతతి అని, పిరమిడ్లు కట్టింది మనవాళ్లేనని ఒక వీడియో చూశాను. దాని మీద మీ అభిప్రాయం?


బడి మాస్టారు

ఏ ఆధారమూ లేదు నాయనా. శాసనాలు చదివారు, ఎముకలు పరీక్షించారు, భాషలు పోల్చారు. వేల ఏళ్లుగా అక్కడే పుట్టి అక్కడే పెరిగిన నాగరికత అది. ఒకరు పుస్తకాలు తగలబెట్టారు. మిగిలిన రాళ్లు కూడా వాళ్లవి కావని మనం చెప్పడం ఇంకా పెద్ద అన్యాయం.


సుధ (ఓక్లాండ్)

నేను ఉండేది కాలిఫోర్నియాలో. మా ఓక్లాండ్‌లో గ్వాటెమాలా నుంచి వచ్చిన మామ్ మాయా కుటుంబాలు వేల సంఖ్యలో ఉన్నాయి. చాలామందిది తోదోస్ సాంతోస్ అనే కొండ ఊరు. మా భవనంలోనే ఒక కుటుంబం ఉంది. ఆవిడ బిడ్డకు జబ్బు చేస్తే తోడుగా ఆసుపత్రికి వెళ్లాను. గ్వాటెమాలా అనగానే వాళ్లు ఫోనులో స్పానిష్ దుబాసీని కలిపారు. ఆవిడ ప్రతి ప్రశ్నకూ ‘సి, సి’ అంటూ తల ఊపింది. మందు రోజుకు ఎన్నిసార్లు వేయాలో చెప్పమని నర్సు అడిగితే దానికీ అదే జవాబు. ఆవిడకు స్పానిష్ అర్థం కాదని గది మొత్తంలో ఎవరికీ తట్టలేదు. చివరికి పెద్ద కొడుకును బడి నుంచి పిలిపించాల్సి వచ్చింది.

వలస న్యాయస్థానాల్లో ఇంకా ఘోరం. దుబాసీలు ఎక్కువగా కావలసిన భాషల్లో మామ్, కీచే ఉన్నాయి, మనుషులు మాత్రం చాలరు. ఎందుకు పారిపోయి వచ్చారో తమ మాటల్లో చెప్పుకోలేకపోతే కేసు ఏమవుతుంది?

మామ్ వాళ్ల కోట సకులేవును 1525లో అల్వరాదో సోదరుడు గొన్సాలో నెలల తరబడి ముట్టడించి, ఆకలితో మాడ్చి లొంగదీశాడు. ఆ శిథిలాలను 1940లలో బాగుచేసి సిమెంటు పూయించింది ఎవరో తెలుసా? అరటిపళ్ల వ్యాపారం చేసే యునైటెడ్ ఫ్రూట్ కంపెనీ.


గోదావరిగట్టు

అరటి కంపెనీకి కోటలతో ఏం పని? అసలు భూమి చేతులు మారింది ఎప్పుడు, స్పెయిన్ కాలంలోనా, తర్వాతా?


చంద్రిక

నేను లాటిన్ అమెరికా భూ చట్టాల మీద పనిచేశాను కాబట్టి ఇది కాస్త వివరంగా చెబుతాను.

స్పెయిన్ పాలనలో ఎన్‌కొమియెందా అనే పద్ధతి ఉండేది. ఊళ్లను సైనికులకు పంచేవారు, ఆ ఊరివాళ్లు వాళ్లకు పన్ను కట్టాలి. యుకతాన్‌లో ఆ పన్ను నూలు గుడ్డ, మైనం, తేనె, మొక్కజొన్న, కోళ్ల రూపంలో ఉండేది. గుడ్డ నేయాల్సింది ఆడవాళ్లు. చెల్లాచెదురుగా ఉన్న పల్లెలను బలవంతంగా చర్చి చుట్టూ చేర్చారు. కదలనన్న చోట ఇళ్లు కాల్చి, పండ్ల చెట్లు నరికించారు. అయినా ఊరి ఉమ్మడి భూమి ఎంతో కొంత మిగిలింది, దానికి రాజముద్ర ఉన్న పత్రాలు కూడా ఉండేవి.

ఆ మిగిలింది కూడా పోయింది స్వాతంత్ర్యం తర్వాత. గ్వాటెమాలాలో 1871లో అధికారానికి వచ్చిన ఉదారవాదులు కాఫీ తోటల కోసం ఉమ్మడి భూములను వేలం వేశారు. తోటల్లో పనికి మనుషులు కావాలి కదా, 1877లో వెట్టికి పంపే చట్టం చేశారు. 1934లో మరో చట్టం వచ్చింది: చాలినంత సొంత భూమి లేనివాడు ఏడాదిలో వంద నుంచి నూట యాభై రోజులు పరుల పొలంలో పనిచేసినట్టు చీటీ చూపించాలి, లేకపోతే జైలు. 1952లో అధ్యక్షుడు ఆర్బెన్స్ బీడు భూములు పంచడం మొదలుపెడితే లక్ష కుటుంబాల దాకా లబ్ధి పొందాయి. అందులో యునైటెడ్ ఫ్రూట్ బీడు భూమి కూడా ఉంది. 1954లో అమెరికా గూఢచార సంస్థ కుట్రతో ఆర్బెన్స్‌ను కూలదోశారు, పంచిన భూమి వెనక్కి లాక్కున్నారు. సుధ గారు చెప్పిన కోటకు సిమెంటు పూసిన చెయ్యీ, ఈ చెయ్యీ ఒకటే.

తర్వాత 1960 నుంచి 1996 దాకా అంతర్యుద్ధం. రెండు లక్షల మంది చనిపోయారు లేదా మాయమయ్యారు. గుర్తించగలిగిన బాధితుల్లో నూటికి 83 మంది మాయా వాళ్లేనని ఐక్యరాజ్యసమితి తోడ్పాటుతో ఏర్పడిన సత్యశోధన సంఘం 1999లో తేల్చింది. సెపూర్ సార్కో అనే ఊళ్లో కెక్చీ మాయా రైతులు తమ భూమికి పట్టాలు అడిగారు. 1982లో సైన్యం వచ్చి ఆ మగవాళ్లను ఎత్తుకుపోయింది, వాళ్ల భార్యలను శిబిరంలో నెలల తరబడి చెరిచింది, వంట చేయించింది, బట్టలు ఉతికించింది. ఆ ఆడవాళ్లు ముప్పై ఏళ్లు దాటాక కోర్టు మెట్లెక్కారు. అప్పటికి ముసలివాళ్లు. రంగుల శాలువలతో తలా ముఖమూ కప్పుకుని, కెక్చీ భాషలో, దుబాసీ సాయంతో సాక్ష్యం చెప్పారు. 2016 ఫిబ్రవరిలో ఇద్దరికి శిక్ష పడింది, ఒకరికి 120 ఏళ్లు, రెండోవాడికి 240 ఏళ్లు. తీర్పు విన్నాక ముసుగులు తీశారు.


నిష్పక్షపాతి

చంద్రిక గారూ, మీరు చెప్పినదాన్ని బట్టి చూస్తే స్పెయిన్ కన్నా తర్వాతి ప్రభుత్వాలే ఎక్కువ నష్టం చేశాయి. మరి క్షమాపణ ఎవరు చెప్పాలి?


చంద్రిక

ఇద్దరూ. స్పెయిన్ వేసిన పునాది మీదే తర్వాతివాళ్లు ఇల్లు కట్టుకున్నారు. స్పెయిన్ రాజు, పోప్ క్షమాపణ చెప్పాలని మెక్సికో అధ్యక్షుడు లోపెస్ ఒబ్రదోర్ 2019లో లేఖలు రాస్తే స్పెయిన్ ప్రభుత్వం తోసిపుచ్చింది. తన దేశం తరఫున మాత్రం ఆయన 2021 మే 3న మాయా ప్రజలను క్షమించమని అడిగారు. అది ఫెలిపె కరియో ప్వెర్తోలో జరిగింది. ఒకప్పుడు దాని పేరు చాన్ సాంతా క్రూస్. 1847లో యుకతాన్ మాయా ప్రజలు తిరగబడి, ‘మాట్లాడే శిలువ’ను దైవంగా నిలుపుకుని 1901 దాకా స్వతంత్రంగా పాలించుకున్న రాజధాని అది. ఆ యుద్ధంలో పట్టుబడిన మాయా వాళ్లను క్యూబా చెరకు తోటలకు అమ్మేసింది స్పెయిన్ కాదు, యుకతాన్ ప్రభుత్వమే. క్షమాపణ అడిగిన లోపెస్ ఒబ్రదోర్ హయాంలోనే మాయా రైలు పేరుతో అడవి నరికి పట్టాలు వేశారని అక్కడి మాయా సంఘాలు కొన్ని కోర్టుకు వెళ్లాయి కూడా. క్షమాపణతోపాటు భూమి మీద నిర్ణయం తీసుకునే హక్కు రావాలి, అది రాలేదు.


శ్రీవల్లి

వాళ్లను బాధితులుగా మాత్రమే చూస్తే సగమే చూసినట్టు. కీచే పెద్దలు 1550లలో లాటిన్ అక్షరాలు నేర్చుకుని తమ సృష్టిగాథ పొపోల్ వూహ్‌ను రాసి దాచారు. 1701 ప్రాంతంలో చిచికాస్తెనాంగోలో ఒక మతగురువు దానికి నకలు తీయబట్టి అది మనకు దక్కింది. ఇప్పటికీ ఆ ఊరి చర్చి మెట్ల మీద కోపాల్ అనే చెట్టు బంకతో ధూపం వేస్తారు, లోపల నేల మీద పూరేకులు, కొవ్వొత్తులు పరిచి పూర్వీకులను తలచుకుంటారు. 260 రోజుల పంచాంగం లెక్కపెట్టే గురువులు కొండ ఊళ్లలో నేటికీ ఉన్నారు. గ్వాటెమాలాలో మాయా భాషల అకాడమీ 1990లో చట్టబద్ధమైంది.

ఇటీవలి సంగతి చెబుతాను. 2023లో అధ్యక్ష ఎన్నికల్లో గెలిచిన అరేవాలోను గద్దె ఎక్కనివ్వకుండా గ్వాటెమాలా ప్రాసిక్యూటర్లు అడ్డుపడితే, ఆ అక్టోబరులో దేశమంతా రోడ్లు దిగ్బంధం చేసింది తొతొనికపాన్ ప్రాంతపు ‘48 కాంతోనెస్’ వంటి మాయా సంఘాలు. తమ అడవిని, నీటిని ఉమ్మడిగా కాపాడుకునే పాత వ్యవస్థ అది. అక్కడ పదవి అంటే జీతం లేని సేవ. చేతికర్రలు పట్టుకున్న ఆ పెద్దలు రాజధానిలో ప్రాసిక్యూటర్ కార్యాలయం ముందు మూడు నెలలకు పైగా కదలకుండా బైఠాయించారు. 2024 జనవరిలో అరేవాలో ప్రమాణం చేశారు.


విశాఖవాసి

వచ్చే శీతాకాలం మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తున్నాం. అమెరికాలో ఉన్న మనవాళ్లందరూ చిచెన్ ఇత్సా మాయా శిథిలాలు చూసి వెనక్కి వచ్చేస్తారు. ఈ చరిత్ర తెలిసేలా ఇంకా ఏం చూడాలి?


బడి మాస్టారు

మెరిదా వెళ్లండి. నగరం నడిమి కూడలిలో 1549 నాటి మొంతేహో ఇల్లు ఉంది. వాకిలి పైభాగం చూడండి: కవచాలు తొడుక్కున్న ఇద్దరు సైనికులు నోరు తెరిచి అరుస్తున్న తలల మీద కాళ్లు మోపి నిలబడి ఉంటారు. అక్కడినుంచి ఇసామాల్, మాయా పిరమిడ్ వేదిక మీదే కట్టిన పసుపు రంగు మఠం. ఆ ఊళ్లో లాండా విగ్రహం కూడా ఉంది. తర్వాత మానీ. వీలైతే తిహొసూకో దాకా వెళ్లండి, 1847 తిరుగుబాటు మీద అక్కడ మ్యూజియం ఉంది, యుద్ధంలో ముందుగోడ కూలిన చర్చి అలాగే నిలిచి ఉంది.


చంద్రిక

మాస్టారు చెప్పిన ఊళ్లకు మాయా భాష మాట్లాడే స్థానిక గైడును పెట్టుకోండి. హోటల్ వాళ్లు కట్టబెట్టే బస్సు యాత్రలో ఆ డబ్బు ఊరికి చేరదు. మీ ప్రయాణం తేదీలు ఇక్కడ రాస్తే, తిహొసూకోకు బస్సు ఎక్కడ మారాలో కనుక్కుని చెబుతాను.